వీరమరణం లేని బుర్రకథ

సుబ్బరత్నం లెక్కలో లోకంలో కథలు రెండే రకాలు. చివర్న వీరుడు చచ్చిపోయేవి ఒకరకం. అసలు కథలే కానివి రెండోరకం.

పామర్రులో ఆవిడ బుర్రకథ దళానికి ఎన్నో ఏళ్ళుగా మంచి పేరుంది. ఆ పేరంతా ఆఖరి ఘట్టం వల్ల వచ్చిందేనని ఆవిడ గట్టి నమ్మకం. వీరుడు నేలకొరగాలి, గుమ్మెటలు టక్కున ఆగిపోవాలి, ముందువరసలో ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకోవాలి. అప్పుడు తాను కళ్ళు మూసుకుని మంగళం పాడాలి. గురువుగారు అలాగే నేర్పారు. ఒకసారి సర్కారువారు దోమల గురించి కథ చెప్పమంటే, అందులోనూ పెళ్ళి కుదిరిన కుర్రాణ్ణి డెంగ్యూ జ్వరంతో చంపేసి ఊరు ఊరంతా ఏడిపించిన ఘనురాలు ఆవిడ. ఆ వారం ఆ ఊళ్ళో దోమతెరలు తెగ అమ్ముడుపోయాయి గనక ఎవరూ తప్పుపట్టలేదు.

బుర్రకథలో తంబుర పట్టుకుని కథ నడిపేది ఒకరే. పక్కన ఇద్దరు వంతలుంటారు. సుబ్బరత్నం దళంలో నీతులూ లోకజ్ఞానమూ చెప్పే వంత కృప. ఆ అమ్మాయి బడిలో టీచరు. నవ్వించే వంత మల్లీశ్వరి. ఈవిడ పాతికేళ్ళుగా సుబ్బరత్నం పక్కన గుమ్మెట వాయిస్తూ, ప్రతి మాటకీ ఊ కొడుతూ, మధ్యలో ఓ వెటకారం విసురుతూ వస్తోంది. మల్లీశ్వరి స్టేజీ మీదికి రాగానే జనం ముందే నవ్వడం మొదలుపెడతారు. ఇంకా ఏమీ అననైనా అనలేదు కదా అని ఆవిడే విసుక్కుంటుంది. దానికీ నవ్వుతారు.

అలాంటి మల్లీశ్వరి కార్తీకం వెళ్ళాక ఒక పొద్దున వచ్చి, బెజవాడలో కథ చెప్పాలంది.

“ఎవరి కథే?”

“మారథాన్ వీరులదక్కా. ఒలింపిక్స్‌లో గెలిచినవాళ్ళ చరిత్ర.”

“ఏ రాజ్యంవాళ్ళు?”

“అన్ని దేశాలవాళ్ళూ ఉన్నారు. నలభైరెండు కిలోమీటర్ల పైచిలుకు పరిగెత్తారు. ఇంచుమించు మనూరి నుంచి బెజవాడంత.”

“ఎవరు తరిమారు?”

“ఎవరూ తరమలా. వాళ్ళంతట వాళ్ళే పరిగెత్తారు.”

సుబ్బరత్నం నోట్లో వక్కపలుకు నమలడం ఆపేసింది. “బస్సుల్లేవా ఆ ఊళ్ళల్లో?”

మల్లీశ్వరికి ఈ పరుగుల పిచ్చి పట్టి రెండేళ్ళు దాటింది. షుగరు పెరిగిందనీ నడవకపోతే లాభం లేదనీ డాక్టరు గదమాయిస్తే కాలవగట్టు మీద నడవడం మొదలుపెట్టింది. నడక ఎప్పుడు పరుగయిందో ఆవిడకే తెలీదు. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని, కాళ్ళకి బూట్లు వేసుకుని పరిగెత్తే యాభై ఏళ్ళ మనిషిని చూసి, నాట్లు వేసే కూలీలు నడుములెత్తి మరీ నవ్వారు. ఆవిడ చెయ్యి ఊపుకుంటూ వెళ్ళిపోయింది. వెనకాలే మోపెడ్ మీద మజ్జిగ డబ్బాతో ఆవిడ మొగుడు పెద్దబ్బాయి. చీరల మూట కట్టుకుని ఊరూరా తిరిగి అమ్మే మనిషి. ఉరుముకి భయం, ఇంజెక్షనుకి భయం, భార్య కాస్త గట్టిగా రొప్పితే మరీ భయం. వాళ్ళ నాన్న రైసుమిల్లులో బస్తా దించి, ఆయాసంగా ఉందని గోడకానుకుని కూర్చుని మళ్ళీ లేవలేదు. అప్పుడు పెద్దబ్బాయి పక్కనే ఉన్నాడు. అందుకని ఆ భయాన్ని చూసి ఎవరూ ఎక్కువ నవ్వేవారు కాదు.

ఇప్పుడు బెజవాడలో కృష్ణ ఒడ్డున మారథాన్ పెడుతున్నారు. మల్లీశ్వరి మొదటిసారి పూర్తి దూరం పరిగెత్తబోతోంది. పెద్దబ్బాయిని ఒప్పించడానికి ఆవిడకి దసరా నుంచి దీపావళి దాకా పట్టింది. ముందురోజు సాయంత్రం పరుగువాళ్ళందరికీ ఛాతీకి పెట్టుకునే నంబర్లు పంచుతారు. అప్పుడు ఏదైనా కార్యక్రమం ఉంటే బాగుంటుందని నిర్వాహకురాలు రాజ్యశ్రీ అనుకుంటే, మా దళం ఉందిగా అని మల్లీశ్వరే నోరుజారింది.

రాజ్యశ్రీ బెజవాడలో పళ్ళ డాక్టరు. ఆదివారం కారేసుకుని పామర్రు వచ్చి, సుబ్బరత్నం వసారాలో చాప మీద కూర్చుని వీరుల చరిత్రంతా చెప్పింది. వింటున్నకొద్దీ సుబ్బరత్నం మొహం చిన్నబోయింది.

మొట్టమొదటి ఒలింపిక్స్‌లో గ్రీసు దేశపు లూయిస్ గెలిచాడు, బిందెలతో నీళ్ళు మోసి బతికే పల్లెటూరివాడు.

“ఊఁ. తర్వాత?”

“తర్వాత ఊరెళ్ళిపోయాడండీ.”

“ఊరెళ్ళిపోవడమేంటి! ఏమన్నా జబ్బు చేసిందా?”

“లేదండీ, చాలాకాలం బతికాడు.”

ఇథియోపియా సైనికుడు బికిలా రోము నగరంలో చెప్పుల్లేకుండా పరిగెత్తి గెలిచాడు. ఆ మాటకి సుబ్బరత్నం కాస్త నిటారుగా కూర్చుంది. నాలుగేళ్ళకి టోక్యోలో మళ్ళీ గెలిచాడనీ, గీత దాటాక అలుపే లేనట్టు పచ్చికలో కసరత్తు చేశాడనీ వినేసరికి మళ్ళీ జారగిలబడింది.

“పడిపోవాల్సిన చోట కసరత్తేంటమ్మా, వాడి మొహం! జనం ఎలా ఏడుస్తారు?”

“ఏడవక్కర్లేదండీ. వాళ్ళకి ఉత్సాహం రావాలి.”

“ఉత్సాహం వస్తే ఈల వేస్తారు. ఏడిస్తేనే గుర్తుపెట్టుకుంటారు.”

రాజ్యశ్రీ ఓపికగల మనిషి. పళ్ళు పీకేవాళ్ళకి ఆ మాత్రం ఓపిక ఉండాలి. అసలు ఈ పరుగుకి ఆ పేరెలా వచ్చిందో చెప్పింది. ఎప్పుడో పర్షియావాళ్ళ మీద గ్రీకులు యుద్ధం గెలిస్తే, ఆ కబురు మోసుకుని మారథాన్ అనే ఊరి నుంచి ఏథెన్స్ దాకా ఒక వార్తాహరుడు ఏకబిగిన పరిగెత్తాడట. గెలిచాం అని ఒక్క మాట చెప్పి అక్కడికక్కడే ప్రాణం వదిలాడట.

“నిజంగా జరిగిందో లేదో చరిత్ర రాసేవాళ్ళకే నమ్మకం లేదండీ. మొదట్లో ఒక్క ముక్క చెప్పి వదిలెయ్యండి, చాలు” అంది రాజ్యశ్రీ.

సుబ్బరత్నం కళ్ళు మిలమిలలాడాయి. ఇంత బంగారంలాంటి చావుని దగ్గర పెట్టుకుని పళ్ళ డాక్టరమ్మ ఇంతసేపూ కసరత్తుల గురించి చెప్పిందా! మొదట్లో ఒక్క ముక్కట! ఆవిడ పైకి బుద్ధిగా తల ఊపింది. రాజ్యశ్రీ కారు మలుపు తిరగ్గానే కృపనీ మల్లీశ్వరినీ పిలిచి, వార్తాహరుణ్ణి తీసుకెళ్ళి కథ చివర్న పెట్టింది.

“డాక్టరుగారు మొదట్లో అన్నారుగా అక్కా?” అంది మల్లీశ్వరి.

“బుర్రకథ డాక్టరుగారు నేర్చుకున్నారా, నేను నేర్చుకున్నానా?”



డిసెంబరు చలిలో, బ్యారేజీ కనబడేలా ఘాట్ పక్కన వేదిక కట్టారు. అటు నంబర్ల పంపిణీ, ఇటు పులిహోరా దద్దోజనం గంగాళాలు, మధ్యలో కుర్చీల నిండా పరుగువాళ్ళూ వాళ్ళ ఇళ్ళవాళ్ళూ. సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళు, బ్యాంకువాళ్ళు, ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటు నుంచి గుంపుగా వచ్చిన ఉద్యోగులు, వాళ్ళని ఒంటరిగా పంపడం ఇష్టంలేక వెంటొచ్చిన అమ్మలూ అమ్మమ్మలూ. రెండో వరసలో పెద్దబ్బాయి, ఒళ్ళో మల్లీశ్వరి సంచీ పెట్టుకుని కూర్చున్నాడు. సంచీలో రేపటి బూట్లూ, అప్పుడే ఇచ్చిన నంబరూ ఉన్నాయి.

సుబ్బరత్నం గజ్జె కట్టి, తంబుర భుజానికెత్తుకుని గొంతు విప్పింది.

చెప్పు లేని పాదమమ్మా – తందాన తాన
చెక్కుచెదరని పంతమమ్మా – తందాన తాన
రోము నగరపు రాతిబాట – తందాన తాన
రొప్పకుండా దాటెనమ్మా – తందాన తాన

కుర్రాళ్ళు ఈలలు వేశారు. కొరియా దేశపు సోన్ కథకి అంతా నిశ్శబ్దమైపోయారు. సొంత దేశం జపాను కింద ఉంటే, ఆ జపాను జెండా ఛాతీ మీద పెట్టుకునే బెర్లిన్‌లో పరిగెత్తి గెలిచి, బహుమతిగా ఇచ్చిన చిన్న మొక్కని ఆ జెండాకి అడ్డంగా పట్టుకుని తలొంచుకు నిలబడ్డాడని కృప చెప్తుంటే, ప్లాంటు ఉద్యోగి ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత మల్లీశ్వరి, అమెరికా ఒలింపిక్స్‌లో ఒకాయన సగం దూరం కారెక్కి వచ్చి నేనే గెలిచానన్న వైనం అందుకుంది.

“మా ఆయనా రోజూ అదే అంటాడండీ, మోపెడెక్కు ఎవరూ చూడరు అని!”

జనమంతా పడీపడీ నవ్వారు. పెద్దబ్బాయి సిగ్గుపడి సంచీలో మొహం దాచుకున్నాడు.

అప్పుడు సుబ్బరత్నం కథని చివరికి తిప్పింది. యుద్ధభూమి నుంచి వార్తాహరుడు బయలుదేరాడు. ఎండ మండుతోంది. నాలుక పిడచకట్టుకుపోయింది. కొండలెక్కాడు, దిగాడు. ఆవిడ గొంతు సన్నబడింది, గజ్జెలు నెమ్మదించాయి. గుండె బాదుకుంటోంది, బాదుకుంటోంది అంటూ ఆవిడ చెయ్యి చూపిస్తే రెండు గుమ్మెటలూ గుండెల్లా కొట్టుకున్నాయి. ఊరి వాకిలి కనిపించింది. తల్లి ఎదురొచ్చింది. తల్లి ఉందని రాజ్యశ్రీ చెప్పలేదు, సుబ్బరత్నమే పెట్టింది. గెలిచాం అమ్మా, అన్నాడు. అంతే. గుమ్మెటలు ఆగిపోయాయి. సుబ్బరత్నం ఉన్నచోటనే కుప్పకూలింది.

 తర్వాత ఎక్కడో ఒక అమ్మమ్మ బావురుమంది. దాంతో కట్ట తెగినట్టు అందరూ ఏడ్చారు. సుబ్బరత్నం లేచి, కళ్ళు మూసుకుని మంగళం పాడింది. ఇన్నేళ్ళలో ఇంత బాగా ఎప్పుడూ కుదరలేదనుకుంది.

కళ్ళు తెరిచేసరికి నంబర్లు పంచే బల్ల దగ్గర తోపులాట జరుగుతోంది. ఇచ్చే వరస కాదది, తిరిగిచ్చేసే వరస.

“నువ్వు గెలవక్కర్లేదు, కప్పులూ అక్కర్లేదు, బతికుంటే చాలు, పద ఇంటికి!” అని ఏడ్చిన అమ్మమ్మ ఆరడుగుల మనవణ్ణి చొక్కా పట్టుకు లాక్కుపోతోంది. బ్యాంకు మేనేజరు భార్య ఆయన నంబరు చించి ముక్కలు చేసి హ్యాండుబ్యాగులో వేసుకుంది. రాజ్యశ్రీ రెండు చేతులూ తలకి పట్టుకుని, అది కథేనండీ, పుక్కిటి పురాణమండీ అంటూ తిరుగుతోంది.

పెద్దబ్బాయి వేదిక మెట్లెక్కి వచ్చాడు. చొక్కా ముందుభాగమంతా తడిసిపోయి ఉంది.

“గెలిచినోడే చచ్చిపోయాడంటగా! ఆడు సైనికుడు, కండలు తిరిగినోడు. నువ్వెంత? మా నాన్న కూర్చున్నట్టు నువ్వూ ఎక్కడో కూలబడితే నేనేమైపోవాలి? వద్దు మల్లీ. రేపు నువ్వు పరిగెత్తడానికి వీల్లేదు.”

మల్లీశ్వరి మొగుడి మొహం చూసింది. 

“సరేలెండి” అంది.

ఏ మాటకైనా మరుమాట సిద్ధంగా ఉండే మనిషి, సరేలెండి అని ఊరుకుని, గుమ్మెటకి గుడ్డ చుట్టడం మొదలుపెట్టింది. సుబ్బరత్నానికి ఆ ఒక్క మాట మింగుడు పడలేదు.

“కథకి ఇంత బెంబేలెత్తిపోతే ఎలాగయ్యా” అని పెద్దబ్బాయిని కసరబోయింది గానీ ఆయన అప్పటికే దిగిపోయాడు. మల్లీశ్వరి వైపు తిరిగింది. “అదేంటే, ఒక్క మాటన్నా అనవేంటి? ఇంట్లో ఇలాగే ఉంటావా?”

“ఆయన్నేమనను అక్కా? అంత బాగా చెప్పారు మీరు. నాకే భయమేసింది.”

 మెచ్చుకోలు అంత చేదుగా ఉంటుందని సుబ్బరత్నానికి అంతకుముందు తెలీదు.

మల్లీశ్వరి గుడ్డ ముడి వేస్తూనే మెల్లగా అంది. “స్టేజీ మీద మీ మాటకి వంత పాడాను. ఇంట్లో ఆయన మాటకి. నాకు బాధేం లేదు, ఇష్టంగానే పాడాను. కానీ ఒక్కటంటే ఒక్క పని, మొదలెట్టిన దగ్గర్నుంచి చివరిదాకా నేనే, నా కాళ్ళతోటే చేద్దామనుకున్నా. పోన్లెండి. కాలవగట్టు ఎక్కడికి పోద్ది.”

తప్పు తనదేనని సుబ్బరత్నానికి తెలిసిపోయింది. తెలిసినా, ఒప్పుకోవడం ఆవిడ నోటికి అలవాటు లేని విద్య. వేదిక అంచున కూర్చుని నది వైపు చూసింది. మంగళం పాడేశాక ఆ పూట మళ్ళీ ఆ వేదిక మీద గజ్జె కట్టకూడదు. గురువుగారు పెట్టిన కట్టడి అది, ఆవిడ ఏనాడూ తప్పలేదు. ఒకసారి జిల్లా కలెక్టరు ఆలస్యంగా వచ్చి ఇంకొక్క పాట అంటే, కుదరదని చెప్పి బస్సెక్కిన మనిషి. కిందేమో జనం పులిహోర విస్తళ్ళు పట్టుకుని రేపటి ప్రయాణాలు మానుకునే మాటలు మాట్లాడుకుంటున్నారు. పెద్దబ్బాయి సంచీ గుండెకి హత్తుకుని మోపెడ్ దగ్గర నిలబడి ఉన్నాడు.

“గురువుగారూ, ఈ ఒక్కసారికీ క్షమించండి” అని గొణుక్కుని, సుబ్బరత్నం గజ్జెలు మళ్ళీ కట్టుకుంది. కృప తెల్లబోయి చూసింది.

“ఎవరూ కదలకండి! పులిహోర ఎక్కడికీ పోదు!” మైకులో ఆవిడ గొంతు బ్యారేజీ దాకా వినిపించింది. “చచ్చినవాడి కథ నేను చెప్పాను. బతికినవాళ్ళ కథ చెప్పడం నాకు చేతకాదు. చేతనైనావిడ ఇక్కడే ఉంది.”

అని తంబుర దించి మల్లీశ్వరి భుజానికి తగిలించింది. మల్లీశ్వరి చేతిలోని గుమ్మెట తాను లాక్కుని గుడ్డ విప్పింది.

“ఏంటక్కా ఇది!”

“నువ్వు చెప్పు. నేను వంత.”

“నాకు రాదక్కా.”

“ఈ కథ ఒప్పుకున్న దగ్గర్నుంచీ నాకు చెవి నొప్పెట్టేదాకా చెప్తూనే ఉన్నావుగా, ఆ అమెరికా అమ్మాయి గురించి! అదే చెప్పు.”

మల్లీశ్వరి తంబుర మీద వేలు పెట్టింది. మొదటి మీటు తప్పింది. గొంతు వణికింది. జనానికి ఇది హాస్యమో కాదో తెలీక నవ్వాలా వద్దా అన్నట్టు చూశారు.

“లాసేంజిలిస్ పట్టణం” అని మొదలుపెట్టింది. “పందొమ్మిదివందల ఎనభై నాలుగు. అప్పటిదాకా ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకి మారథానే లేదు.”

“ఎందుకు లేదమ్మా?” అంది సుబ్బరత్నం గుమ్మెట మీద ఒక్క దెబ్బ వేసి.

“ఆడవాళ్ళ ఒళ్ళు తట్టుకోలేదన్నారు.”

“ఎవరన్నారు?”

“పరిగెత్తని మగాళ్ళు.”

విస్తళ్ళ దగ్గర నవ్వు మొదలైంది. సుబ్బరత్నం అంతటితో వదలకుండా నడుం మీద చెయ్యి వేసుకుని, లేని బిందె చంకనెత్తుకుని రెండడుగులు ఒయ్యారంగా నడిచింది. “మరి మైళ్ళ కొద్దీ నీళ్ళు మోస్తే తట్టుకుందా ఆ ఒళ్ళు?”

“దానికి పతకం లేదుగా అక్కా!”

అమ్మమ్మలంతా ఒక్కసారి గొల్లుమన్నారు. జన్మలో హాస్యం చెప్పని సుబ్బరత్నం, కథ నడిపే నాయకురాలు, అలా తిప్పుకుంటూ నడవడం చూసి కృప కూడా వంత మర్చిపోయి నవ్వింది. మల్లీశ్వరి గొంతు నిలదొక్కుకుంది.

జోన్ బెనోయిట్ అనే అమ్మాయికి ఆ ఏడాదే మోకాలికి ఆపరేషనయింది. అయినా వచ్చింది. పరుగు మొదలైన కాసేపటికే గుంపుని వదిలేసి ముందుకెళ్ళిపోయింది. ఇంత తొందరపడితే ఎక్కడో ఆగిపోతుందిలే అనుకున్నారు మిగతావాళ్ళు. ఆగలేదు. ఒంటరిగా పరిగెత్తింది.

“అంత దూరం ఒంటరిగానా! వాళ్ళాయన ఊరుకున్నాడా?”

“అప్పటికింకా పెళ్ళి కాలేదక్కా.”

“అదీ సంగతి! అందుకే గెలిచింది!”

జనమంతా వెనక్కి తిరిగి మోపెడ్ దగ్గరున్న పెద్దబ్బాయిని చూశారు. ఆయన నవ్వు ఆపుకుందామని చూశాడు గానీ ఆగలేదు. మెల్లగా నడిచి వచ్చి ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నాడు.

“స్టేడియంలోకి రావాలంటే ఒక సొరంగం దాటాలి” అంది మల్లీశ్వరి. పాట మానేసి మామూలుగా మాట్లాడుతోందిప్పుడు. “లోపల చీకటి. ఆవిడ ఒక్కత్తే. వెనకాల ఎవరూ లేరు. కాలవగట్టు మీద తెల్లారకముందు నాకూ అలాగే ఉంటదండీ. మన అడుగుల చప్పుడే మనకి వినపడద్ది. ఆ సొరంగం దాటి బయటికొచ్చేసరికి లోకమంతా లేచి నిలబడింది. ఆవిడ అరవై దాటాక కూడా పరిగెడుతూనే ఉంది.”

చప్పట్లు మోగాయి. సుబ్బరత్నం ఇక చాలు, ఇక్కడితో ఆపు అన్నట్టు సైగ చేసింది. మల్లీశ్వరి ఆపలేదు.

“ఆ రోజే ఇంకో సంగతి కూడా జరిగింది. అది దాస్తే అబద్ధం చెప్పినట్టవుద్ది. స్విట్జర్లాండు తరఫున పరిగెత్తినావిడ ఒకరున్నారు. ఎండదెబ్బ తగిలింది. తూలిపోతూ స్టేడియంలోకొచ్చింది. ఒక చెయ్యి వేలాడిపోతోంది. కాలు ఇటేస్తే అటు పడతంది.”

కుర్చీలు కిర్రుమనడం కూడా ఆగిపోయింది. పెద్దబ్బాయి మొహం మళ్ళీ పాలిపోయింది. సుబ్బరత్నం చెయ్యి అలవాటు కొద్దీ గుమ్మెట మీద గుండె చప్పుడు వాయించబోయింది. ఇన్నేళ్ళ విద్య, ఇక్కడే చంపాలి అంటోంది. ఆవిడ వేళ్ళు ముడిచి గుప్పిట బిగించింది.

“చచ్చిపోయిందా?” అనడిగింది. ఆ ప్రశ్న మాత్రం నటన కాదు. సంగతి ఆవిడకీ తెలీదు.

“లేదక్కా. డాక్టర్లు పక్కనే నడిచారు. ఒంటికి చెమట పడుతోంది గనక ఫర్వాలేదన్నారు. ఆవిడా పట్టుకోవద్దని పక్కకి జరిగింది. పట్టుకుంటే పందెంలోంచి తీసేస్తారు మరి. గీత దాటాక వాళ్ళ చేతుల్లో పడింది. రెండు గంటల్లోనే లేచి ఇంటికెళ్ళింది.”

ఎవరూ ఏడవలేదు, చప్పట్లూ కొట్టలేదు. అంతా గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నారు. పెద్దబ్బాయి లేచి నిలబడ్డాడు.

“మనకీ ఉంటారా డాక్టర్లు?” అన్నాడు, ఎవర్ని అడుగుతున్నాడో తెలీకుండా.

“దారి పొడుగునా ఉంటారండీ, అంబులెన్సులు కూడా. నేనూ ఉంటాను” అంది రాజ్యశ్రీ.

“మీరు పళ్ళ డాక్టరు కదండీ” అన్నాడు పెద్దబ్బాయి. జనం నవ్వినా ఆయన నవ్వలేదు, వేదిక వైపే చూస్తున్నాడు.

మల్లీశ్వరి మైకు పక్కకి జరిపేసింది. అయినా ముందువరసలకి వినిపించింది. “నేను గెలవాలని కాదండీ. కళ్ళు తిరిగినా, ఒంట్లో తేడాగా ఉన్నా ఆగిపోతాను. మీ మీద ఒట్టు. కానీ ఆగేదేదో నేనే ఆగాలి. బయల్దేరకుండానే ఆగిపోతే రేపట్నించి గట్టు మీద కూడా నా కాళ్ళు ఆడవు.”

 పెద్దబ్బాయి సంచీ జిప్పు లాగాడు, మూశాడు, మళ్ళీ లాగాడు.

“మజ్జిగ ఎక్కడెక్కడ నిలబడి ఇయ్యొచ్చో చెప్పండి” అన్నాడు రాజ్యశ్రీతో.

మనవణ్ణి లాక్కుపోయిన అమ్మమ్మ కూడా వాణ్ణి వెనక్కి తోలుకొచ్చింది, డాక్టర్లెక్కడుంటారో తాను కళ్ళారా చూడాలని పట్టుబట్టి. బ్యాంకు మేనేజరు మాత్రం హ్యాండుబ్యాగులో ముక్కలు ఏరుకోవాల్సి వచ్చింది.

మర్నాడు పొద్దెక్కిపోయింది. గెలిచినవాళ్ళు పతకాలు వేసుకుని ఫోటోలు దిగి ఇడ్లీలు తిని వెళ్ళిపోయారు. ఘాట్ దగ్గర గీత మీద కట్టిన ద్వారం విప్పుదామని కుర్రాళ్ళు వస్తే, సుబ్బరత్నం దాని కింద కుర్చీ వేసుకుని కూర్చుంది.

“మా మల్లి రాలేదింకా. దీన్ని ఎవరు ముట్టుకుంటారో చూస్తాను.”

కుర్రాళ్ళు రాజ్యశ్రీ వైపు చూశారు. ఉండనివ్వమంది. సుబ్బరత్నం మాటిమాటికీ లేచి చెయ్యి అడ్డం పెట్టుకుని చూస్తోంది. కరకట్ట వైపు నుంచి ఒక్కొక్కరూ కుంటుకుంటూ వస్తున్నారు గానీ వాళ్ళలో మల్లీశ్వరి లేదు. సైరను వేసుకుంటూ ఒక అంబులెన్సు బ్యారేజీ మీదికి వెళ్ళింది. దాన్ని చూడగానే ఆవిడ నాలుగడుగులు ముందుకేసి, మళ్ళీ ద్వారం కిందికే వచ్చింది. రాత్రి నోరు మూసుకుని ఉంటే ఆ పిల్ల ఈపాటికి ఇంట్లో క్షేమంగా కాఫీ తాగుతూ ఉండేది కదా అనుకుంది. మళ్ళీ, సరేలెండి అన్న ఆ గొంతు గుర్తొచ్చి, ఆ మాటతో బతకడమూ బతుకేనా అనుకుంది. దండం పెట్టని దేవుడు లేడు.

అంబులెన్సు ఖాళీగానే తిరిగొచ్చింది. దాని వెనకాల బ్యారేజీ మలుపులో ఎర్రచీర కనబడింది.

మల్లీశ్వరి పరుగు పరుగులా లేదు. చిన్న చిన్న అడుగులు. కానీ అడుగు మీద అడుగు పడుతూనే ఉంది. ఆవిడ వెనకాల, మోపెడ్ని పోలీసులు ఆపేస్తే అక్కడే వదిలేసి, మజ్జిగ డబ్బా చంకనెత్తుకుని పెద్దబ్బాయి కూడా పరిగెత్తుకొస్తున్నాడు. చొక్కా గుండీలు ఊడిపోయాయి, ఒక చెప్పు ఎక్కడో పోయింది.

గీత దాటగానే ఇద్దరు కుర్రాళ్ళు మల్లీశ్వరి కోసం కుర్చీ తెచ్చారు. అందులో పెద్దబ్బాయి కూలబడ్డాడు. రొప్పుతూ చెయ్యి ఊపి, నాకేం కాలేదు, ఆవిణ్ణి చూడండి అన్నాడు. వాళ్ళు ఇంకో కుర్చీ కోసం పరిగెత్తబోయారు.

“నాకొద్దు బాబూ” అంది మల్లీశ్వరి. జుట్టంతా మొహానికి అతుక్కుపోయింది, పెదాలు పగిలిపోయాయి. కాళ్ళు కొద్దిగా ఎడంగా పెట్టుకుని, నది మీంచి వచ్చే గాలికి మొహం పెట్టింది. “కాసేపిలా నిలబడనివ్వండి.”

జనాన్ని ఇన్నేళ్ళు ఏడిపించిన సుబ్బరత్నానికి కన్నీళ్ళు ధారగా కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. వెళ్ళి మల్లీశ్వరి పక్కన నిలబడింది.